తీగ మీది వరుస చెదరనీయకండి

ప్రశ్న: అమలాపురం దగ్గర మా తాతగారి మండువా ఇల్లు అమ్మేస్తున్నాం. అటక మీద ట్రంకు పెట్టెలో రెండు ఇనప తీగలకు గుచ్చిన పాత ఉత్తరాలు దొరికాయి. కార్డులు, కవర్లు కలిపి రెండు మూడొందలు ఉంటాయేమో. ఎక్కువ భాగం మా చిన్నతాతగారు రంగూను నుంచి రాసినవి, తాతగారి చెల్లెలు అత్తవారి ఊరి నుంచి రాసినవి. ఆవిడకి చిన్నతనంలోనే భర్త పోయాడు. పొలం గురించి అడిగితే ఎవరూ మాట్లాడలేదని ఒక ఉత్తరంలో రాసింది. చిన్నతాతగారు 1941 తర్వాత ఏమయ్యారో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. స్టాంపులు కొనే ఒకాయన వచ్చి రంగూను కవర్లు మాత్రం మంచి ధరకు తీసుకుంటానన్నాడు. మా బాబాయి "ఆడవాళ్ల ఏడుపులు పదిమందికీ చూపించుకుంటామా, గోదాట్లో కలిపెయ్" అంటున్నారు. మా అబ్బాయి ముఖ్యమైనవి నాలుగు స్కాన్ చేసి మిగతావి వదిలెయ్యమంటున్నాడు. గొప్పవాళ్ల ఉత్తరాలు కావు కదా, వీటికి నిజంగా విలువ ఉందా? ఉంటే ఎలా కాపాడాలి? ఊళ్లో మిగతా ఇళ్లలో ఇలాంటివి ఉంటే అవీ సేకరించాలని ఉంది. రెండు ఉత్తరాల ఫొటోలు పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం:

అమ్మా, విలువ సంగతి ముందు చెబుతాను. ఉంది. గొప్పవాళ్లవి కావు కాబట్టే ఎక్కువ ఉంది. పేరున్నవాళ్ల ఉత్తరాలు ఎవరో ఒకరు దాస్తారు, అచ్చు వేస్తారు. మీ తాతగారి చెల్లెలి లాంటి మనిషి ఏం తిన్నది, దేనికి భయపడింది, ఎవరిని ఎంత అప్పు అడిగింది అన్నది ఏ గెజిటీర్‌లోనూ దొరకదు. అది ఆవిడ రాసిన కార్డులో ఉంటుంది. ఆ కార్డు పోతే ఇంకెక్కడా ఉండదు. అయితే ఆ విలువ విడి ఉత్తరంలో కంటే తీగ మొత్తంలో ఉంది. మీరు పంపిన రెండు ఫొటోలతోనే ఆ సంగతి చూపిస్తాను.

మొదటిది ఆవిడ కార్డు. పైన మధ్యలో "శ్రీరామ". కుడివైపు తేదీ ఉండాల్సిన చోట "తారణ శ్రావణ బ 7", అంటే తారణ సంవత్సరం శ్రావణ బహుళ సప్తమి. ఇంగ్లీషు తేదీ లేదు, తపాలా ముద్ర అలుక్కుపోయింది. అయినా ఇబ్బంది లేదు. మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. తారణ 1884లో వచ్చింది, 1944లో వచ్చింది, మళ్లీ 2004లో వచ్చింది. కార్డు మీద అచ్చయిన తల విక్టోరియా రాణిదైతే 1884 అనుకోవాలి. మీ కార్డు మీద ఉన్నది ఆరో జార్జి. కాబట్టి ఇది 1944 ఆగస్టు.

ఇంగ్లీషు తేదీ లేనివాటికి మీరు ఈ దారే పట్టొచ్చు. 1902 నుంచి ఏడో ఎడ్వర్డు, 1911 నుంచి ఐదో జార్జి, 1937 నుంచి ఆరో జార్జి స్టాంపులు వచ్చాయి. పాత స్టాకు అయిపోయేదాకా పాత తలే నడుస్తుంది కనుక ఒకటి రెండేళ్లు అటూ ఇటూ పోతుంది. స్వతంత్ర భారతం మొదటి స్టాంపు 1947 నవంబరు 21న వచ్చింది. ఇన్‌లాండు లెటరు 1950 అక్టోబరు 2కు ముందు లేదు. లెక్కల్లో "నయాపైసలు" కనిపిస్తే 1957 ఏప్రిల్ తర్వాతిది. అడ్రసులో ఆరంకెల పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. పంచాంగం పక్కన పెట్టుకుని కూర్చుంటే ఒక్క ఆదివారం మధ్యాహ్నంలో చాలా కార్డులకు తేదీలు తేలిపోతాయి.

ఇక ఆ కార్డులో ఆవిడ రాసినది. క్షేమసమాచారాలు అయ్యాక నాలుగో లైను నుంచి అసలు సంగతి మొదలవుతుంది: "ఇచ్చట కిరసనాయిలు దొరుకుట లేదు. ఆముదపు దీపముతోనే కాలక్షేపము. చీర ఒకటి ఎవరిచేతనైనను పంపవలెను." కింద అంచు వెంట, చోటు చాలక, అక్షరాలు నిలువుగా తిప్పి "నూకలే వండుచున్నాము" అని ఉంది. చోటు చాలనప్పుడు అంచున ఇరికించిన మాట వదిలేద్దామనుకుని వదల్లేకపోయిన మాట. ఇలాంటివి ఎక్కడున్నా రెండోసారి చదవండి.

రెండో ఫొటో మీ చిన్నతాతగారి కవరు. స్టాంపు మీద ఐదో జార్జి తల, పైన బర్మా అని ఇంగ్లీషులో అదనంగా ముద్ర వేసి ఉంది. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. కొత్త స్టాంపులు తయారయ్యేదాకా మన స్టాంపుల మీదే ఇలా ముద్ర వేసి వాడారు, 1938 నుంచి వాళ్ల సొంతవి వచ్చాయి. స్టాంపుల ఆయన ఈ కవర్ల మీద ఎందుకు కన్నేశాడో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. లోపల చిన్నతాతగారు బియ్యం మిల్లులో గుమాస్తా పని గురించి, కొత్త ధాన్యం దిగడం గురించి, ఓడలకెత్తే బస్తాల గురించి రాశారు. విడిగా చదివితే ఊరుకాని ఊరు వెళ్లినవాడి మామూలు కబుర్లు.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. అప్పట్లో మన దేశానికి వచ్చే కిరసనాయిల్లో పెద్ద భాగం బర్మాదే. ఎనాంజాంగ్ బావుల నుంచి నూనె గొట్టాల్లో వచ్చేది, రంగూనుకు నది అవతల సిరియంలో శుద్ధి చేసేవారు. బర్మా బియ్యం లక్షల టన్నుల్లో మన రేవులకు దిగేవి. 1942 మార్చిలో జపాను సేనలు రంగూను చేరే ముందు, వాళ్లకు దక్కకూడదని సిరియం కర్మాగారాన్ని ఇంగ్లీషువాళ్లే పేల్చేశారు. ఏప్రిల్లో బావులనూ పాడుచేశారు. బియ్యం ఓడలు ఆగిపోయాయి. అన్న ఉన్న ఊరు పడిపోవడానికీ, గోదావరి జిల్లా పల్లెటూళ్లో చెల్లెలి దీపంలో కిరసనాయిలు లేకపోవడానికీ, కుండలో నూకలే ఉండడానికీ మధ్య సంబంధం అది. ఆ సంగతి ఆవిడకు తెలిసి ఉండకపోవచ్చు. ఆయన కవరూ ఆవిడ కార్డూ ఒకే పెట్టెలో ఉన్నాయి కాబట్టి మనకు తెలుస్తోంది. రంగూను కవర్లు స్టాంపుల ఆయన పట్టుకుపోతే కార్డు మిగులుతుంది గానీ ఈ సంగతి మిగలదు.

మీ అబ్బాయి చెప్పిన "ముఖ్యమైన నాలుగు" గురించి నా అభ్యంతరం కూడా ఇదే. ఏది ముఖ్యమో ఇవాళ మనం తేల్చలేం. గాంధీగారి పేరో కాంగ్రెసు సభో ఉన్న ఉత్తరం ముఖ్యమనిపిస్తుంది, "వీశె చింతపండు పంపితిమి" అన్నది అనవసరమనిపిస్తుంది. కాంగ్రెసు సభ గురించి రాసిన పుస్తకాలు బోలెడు. ఆ ఏడు ఆ ఊళ్లో వీశె చింతపండు ఎంతో, దాన్ని పడవ మీద పంపారో బండి మీద పంపారో, పంపినవాళ్లకు తిరిగి ఏం ముట్టిందో చెప్పే కాగితం బహుశా అదొక్కటే. అన్నీ ఉంచండి. ఖాళీ కవర్లూ ఉంచండి. కవరు మీద వేసిన ఊరి ముద్ర, చేరిన ఊరి ముద్ర రెండూ కనిపిస్తే టపా ఎన్ని రోజుల్లో వచ్చిందో తెలుస్తుంది. వెనకాల పెన్సిలుతో వేసిన చాకలిపద్దు, పాలలెక్క ఉంటే చెరపొద్దు.

ఇక చేతి పని. మొట్టమొదట తీగలను ఉన్నవి ఉన్నట్టు, పక్కనుంచీ పైనుంచీ ఫొటోలు తీయండి. ఉత్తరం వచ్చినప్పుడల్లా చదివి తీగకు గుచ్చేవారు కాబట్టి అడుగున పాతవి, పైన కొత్తవి ఉంటాయి. తేదీ లేని ఉత్తరానికి ముందూ వెనకా ఉన్నవే సాక్ష్యం. ఉత్తరాలను పట్టి లాగొద్దు. తుప్పు పట్టిన తీగ కాగితాన్ని కొరికి పట్టుకుని ఉంటుంది, లాగితే చిల్లు చీలిక అవుతుంది. పైన కొక్కెంలా వంచిన భాగాన్ని శ్రావణంతో (కటింగ్ ప్లయరుతో) కత్తిరించి, పైనుంచి ఒక్కొక్కటే మెల్లగా తీయండి. తీసిన వెంటనే ఒక మూల మెత్తటి పెన్సిలుతో అంకె వేయండి. మొదటి తీగకు అ-1, అ-2 అని, రెండోదానికి ఆ-1, ఆ-2 అని చాలు. పెన్ను వద్దు.

ఒక్క కాగితాన్ని కూడా తడి చేయొద్దు. ఆ రోజుల్లో ఇంకు పెన్సిలు అని ఉండేది. పొడిగా ఉన్నప్పుడు బూడిద రంగు, చెమ్మ తగిలితే ఊదా రంగు. గుమాస్తాలు దాన్ని బాగా వాడేవారు. తడిగుడ్డ పెడితే పేజీ అంతా ఊదా మరక అవుతుంది. మెత్తటి పొడి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు. సెలోటేపు వేయొద్దు, ఆ జిగురు కొన్నేళ్లకు పసుపు పచ్చగా మారి అక్షరాలనే తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. షాపువాడు శాశ్వతంగా ఉంటుందని చెబుతాడు. అందులో పడ్డ కాగితాన్ని పాడుచేయకుండా మళ్లీ బయటకు తీయడం అయ్యే పని కాదు. మడతలు విప్పి, ఆసిడ్ లేని కాగితం దొరికితే దాని మధ్య, దొరక్కపోతే ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి, గట్టి అట్టపెట్టెలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లలో బిగిస్తే చెమ్మ లోపలే ఉండి బూజు పడుతుంది. పెట్టె నేల మీదా, బయటి గోడకు ఆనించీ పెట్టకండి, చెదలు అక్కడినుంచే వస్తాయి. ముసురు రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. సంక్రాంతి నుంచి ఉగాది లోపు అయితే గాలి పొడిగా ఉంటుంది.

ఫొటోలకు ఖరీదైన స్కానర్ అక్కర్లేదు. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ లేకుండా ఫోనుతో తీస్తే సరిపోతుంది. రెండు వైపులా తీయండి. చాలామంది అడ్రసు వైపు వదిలేస్తారు. తర్వాత పనికొచ్చేవి ఎక్కువ అక్కడే ఉంటాయి. ఫైలుకు పెన్సిలుతో వేసిన అంకే పేరు పెట్టండి. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి మీ అబ్బాయి దగ్గర, ఒకటి వేరే ఊళ్లో ఉన్న చుట్టాల దగ్గర ఉంచండి.

చదివేటప్పుడు బిగ్గరగా చదవండి. పాత రాతలో మాటల మధ్య ఖాళీ ఉండదు. కంటికి చిక్కనిది చెవికి చిక్కుతుంది. ఎత్తి రాసేటప్పుడు రాసింది రాసినట్టే ఉంచండి. "వ్రాయునదేమనగా"ను "రాసేదేమంటే" అని మార్చొద్దు, తప్పులు దిద్దొద్దు. ఆవిడ ఒత్తు వదిలేస్తే మీరూ వదిలేయండి. ఎంతవరకు చదువుకుంది, ఎవరి దగ్గర నేర్చుకుంది అన్నది ఆ తప్పుల్లోనే ఉంటుంది. కొన్ని ఉత్తరాల్లో దస్తూరీ మారితే అదీ గుర్తు పెట్టుకోండి. ఆవిడ చెబితే ఎవరో రాశారన్నమాట. మరొకరి ముందు చెప్పి రాయించినప్పుడు మనిషి అన్నీ చెప్పదు. సొంత దస్తూరీలో ఉన్నవాటికీ, రాయించినవాటికీ తేడా మీకే తెలిసిపోతుంది.

చిన్నతాతగారి సంగతి. 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డాయి. ఆ తర్వాత లక్షలమంది మనవాళ్లు బర్మా విడిచి బయల్దేరారు. ఓడల్లో చోటు దొరకనివాళ్లు కాలినడకన ప్రోం మీదుగా టాంగప్ కనుమ దాటి అక్యాబు, చిట్టగాంగు వైపు వచ్చారు. ఇంకొందరు ఉత్తరాన టామూ మీదుగా మణిపురం వైపు వచ్చారు. దారిలో కలరాతో, మలేరియాతో, తిండిలేక వేలమంది పోయారు. అందుకని తీగల మీద చిట్టగాంగు, కలకత్తా, ఇంఫాల్, డిమాపూర్ ముద్రలున్న కార్డు ఏదైనా ఉందేమో వెతకండి. 1942 ఉగాది ముందయితే వృష సంవత్సరం, ఉగాది దాటితే చిత్రభాను. దస్తూరీ ఆయనది కాకపోయినా సరే, తోటివాళ్లెవరో రాసి ఉండొచ్చు. ఆ రోజుల్లో సెన్సారువాళ్లు కవరు విప్పి మళ్లీ అంటించిన చీటీ ఉంటే దాన్ని పీకొద్దు.

చావు కబురు లేదు కాబట్టి బతికే ఉన్నాడని అనుకోవడానికీ వీల్లేదు. శుభలేఖకు నాలుగు మూలలా పసుపు రాసి పంపేవాళ్లం, దాన్ని దాచుకునేవాళ్లం. అశుభం కార్డును మాత్రం చదివి అక్కడికక్కడే చింపేసేవారు, ఇంట్లో ఉంచేవారు కాదు. మన ఇళ్లలో దొరికే ఉత్తరాల కట్టల్లో పెళ్లిళ్లు, పురుళ్లు కనిపించి చావులు కనిపించకపోవడానికి కారణం ఇదే. కాబట్టి సూటిగా రాసిన కబురు కోసం చూడకండి, పక్కదారిన వెళ్లండి. 1942 తర్వాత వచ్చిన ఉత్తరాల్లో మీ చిన్నతాతగారి భార్య పేరు ముందు ఏం రాశారో వరుసగా చూసుకుంటూ పోండి. "చి.ల.సౌ." అనో "సౌభాగ్యవతి" అనో ఉన్నంతకాలం ఆయన వస్తాడనే ఇంటిల్లిపాదీ అనుకుంటున్నారు. అది పోయి "గం.భా.స." (గంగాభాగీరథీ సమానురాలు, భర్త పోయిన స్త్రీ పేరు ముందు రాసే మాట) వచ్చిన ఉత్తరం ఎక్కడ ఉందో అక్కడే కబురు తెలిసినట్టు. ఆచూకీ తెలియని మనిషి కోసం పన్నెండేళ్లు ఎదురుచూసి, ఆ తర్వాత కర్మ చేసే ఆనవాయితీ చాలా కుటుంబాల్లో ఉండేది. మార్పు 1954 ప్రాంతంలో, అంటే విజయ, జయ సంవత్సరాల్లో కనిపిస్తే కబురు రాలేదనీ, గడువు తీరాక చేశారనీ అనుకోవాలి. ఇంట్లో ఎవరికీ తెలియదంటున్న సంగతి ఆ మూడు అక్షరాల్లో ఉండే అవకాశం గట్టిగా ఉంది. ఇదంతా వరుస చెదరకపోతేనే సాధ్యం.

చిన్నతాతగారి ఉత్తరాల్లో ప్రమోదూత సంవత్సరానివి, అంటే 1930 మే, జూన్ నెలలవి ఉంటే కూడా నిదానంగా చదవండి. ఆ మే నెలలో రంగూను రేవులో సమ్మె చేసిన కూలీల్లో ఎక్కువమంది తెలుగువాళ్లు. సమ్మె ముగిశాక బర్మా కూలీలకూ మనవాళ్లకూ మధ్య పెద్ద గొడవలు జరిగి, చాలామంది తెలుగువాళ్లు చనిపోయారు. ప్రభుత్వ నివేదికల్లో అది ఉంది. అక్కడ ఉన్న తెలుగువాడు ఆ వారం ఇంటికి ఏమని రాశాడన్నది అరుదు. బహుశా "కంగారు పడవద్దు" అనే రాసి ఉంటాడు. ఇంట్లోవాళ్లను కంగారు పెట్టకుండా ఏం దాచాడో తెలిశాక ఆ మాట మరోలా వినిపిస్తుంది.

ఇక బాబాయిగారు. ఆయన్ని తీసిపారేయకండి. రాసిన కాగితం కాలికి తగిలితే కళ్లకద్దుకునే ఇళ్లు మనవి. గోదాట్లో కలపమనడం చెత్తబుట్టలో వేయమనడం కాదు, మర్యాదగా సాగనంపమనడం. కైరోలో యూదుల ప్రార్థన మందిరం ఒకటి ఉంది. దేవుడి పేరున్న కాగితాన్ని పారేయకూడదని వాళ్ల నియమం. పాతబడినవాటిని మామూలుగా భూమిలో పూడ్చేవారు. ఈ మందిరంలో మాత్రం ఒక గదిలో పడేస్తూ పోయారు, వందల ఏళ్లు అలాగే ఉండిపోయాయి. 19వ శతాబ్దం చివర వాటిని కేంబ్రిడ్జికి తరలించారు. అక్కడున్నవే లక్షా తొంభై వేలు దాటిన ముక్కలు. వాటిలో 12వ శతాబ్దంలో మన మంగుళూరులో కాపురమున్న అబ్రహాం బెన్ యిజు అనే వర్తకుడి ఉత్తరాలు ఉన్నాయి. మిరియాలు, ఇనుము, పోకచెక్కలు పంపడం, ఏడెన్ నుంచి స్నేహితుడు ఆయనకు కాగితం, పంచదార, ఎండుద్రాక్ష పంపడం అన్నీ వాటి నుంచే తెలిశాయి. కాగితాన్ని గౌరవించే పద్ధతే ఆ గదిని కాపాడింది. గౌరవించాలంటే కలిపేయడమే దారి కాదని బాబాయిగారికి ఈ సంగతి చెప్పండి.

అయితే ఆయన అసలు బాధ వేరు. ఆ రాసినావిడ ఆయనకు సొంత మేనత్త. అత్తవారింట్లో పడ్డ పాట్లు, దాయాదులతో గొడవలు ఊరికి తెలుస్తాయని ఆయన భయం. అది న్యాయమైనదే. పొలం గురించి అడిగితే ఎవరూ మాట్లాడలేదని ఆవిడ ఒకచోట రాసిందన్నారు. భర్త పోయిన స్త్రీకి ఆస్తిలో కొంత హక్కు ఇస్తూ 1937లో చట్టం వచ్చింది. వ్యవసాయ భూములకు అది వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు చెప్పింది. ఆస్తి అంటే పొలమే అయిన ఊళ్లలో ఆ చట్టం ఆవిడలాంటి వాళ్లకు ఎంతవరకు అక్కరకొచ్చిందో ఆలోచించండి. అది మీ ఇంటి పరువు సంగతి మాత్రమే కాదు, ఆ తరం ఆడవాళ్లందరి సంగతి. ఆవిడ ఉత్తరాలు కలిపేస్తే ఆవిడ మాటను రెండోసారి కూడా ఎవరూ వినలేదన్నట్టు అవుతుంది.

దాచడం వేరు, అందరికీ చూపించడం వేరు. ఈ తేడా బాబాయిగారికి స్పష్టంగా చెప్పండి. ఆవిడ ఉత్తరాలు పెట్టెలో ఉంటాయి, ఆయన ఉన్నంతకాలం ఎక్కడా వేయం అని మాటివ్వండి, నిలబెట్టుకోండి. ఏ రోజైనా అచ్చు వేయాలనుకుంటే ఊరి పేరూ మనుషుల పేర్లూ మార్చండి. ఆవిడ అత్తవారి వైపు వారసులెవరైనా ఉంటే ముందు వాళ్లను అడగండి. చట్టం కూడా కొంత ఇలాగే ఉంది. ఉత్తరం కాగితం అందుకున్నవాళ్లది, అంటే ఇప్పుడు మీ కుటుంబానిది. అందులోని రాత మీద హక్కు రాసినవాళ్లది, వాళ్ల తర్వాత వారసులది. మన కాపీరైటు చట్టంలో ఆ హక్కు రాసినవారు పోయాక అరవై ఏళ్లు ఉంటుంది. వాళ్లు బతికుండగా అచ్చుకాని రాత అయితే, అచ్చయినప్పటి నుంచి అరవై ఏళ్లు. ఇంట్లో చదువుకోవడానికి, భద్రపరచడానికి ఇవేవీ అడ్డు కావు.

ఇంకో మాట. అందులో కనిపించే "అబ్బి", "పెద్దమ్మాయి", "సుబ్బులు గారి మూడోవాడు" ఎవరో చెప్పగలిగిన మనిషి ఇప్పుడు బాబాయిగారు తప్ప మీకు ఎవరున్నారు? ఆయనకు ముందు మేనత్తవి ఇవ్వకండి. రంగూను ఉత్తరాలతో మొదలుపెట్టండి. పక్కన కూర్చుని చదివి వినిపించండి, ఆయన చెప్పేది ఫోనులో రికార్డు చేయండి. "వద్దు" అంటున్న పెద్దవాళ్లు పేర్లు వినిపించేసరికి తామే సరిదిద్దడం మొదలుపెడతారు. అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇదే. కాగితాలు ఇంకో ఏడాది ఆగుతాయి.

స్టాంపుల ఆయనకు అమ్మొద్దు. డబ్బు అవసరం నిజంగా ఉంటే అది వేరే మాట. అప్పుడైనా అన్నీ ఫొటోలు తీశాకే, లోపల ఉత్తరం లేని కవర్లు మాత్రమే ఇవ్వండి. స్టాంపులు కత్తిరించి ఇవ్వడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ముద్రా పోతుంది, స్టాంపు విలువా పడిపోతుంది.

మీ తర్వాత ఎక్కడ పెట్టాలన్నది ఇప్పుడే ఆలోచించుకోవడం మంచిది. మీ జిల్లాకు దగ్గర్లో రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఉంది. వేటపాలెంలో 1918 నుంచి నడుస్తున్న సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. మీరుండే హైదరాబాదులోనే తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. వెళ్లి స్వయంగా చూడండి. చేతిరాత కాగితాలు తీసుకుంటారా, ఎక్కడ పెడతారు, ఎవరికి చూపిస్తారు అని అడగండి. ఇస్తే మొత్తం కట్టగా, ఒకే పేరు కింద, విడదీయకూడదన్న షరతుతో ఇవ్వండి. ఫలానా ఏడాది దాకా మేనత్తగారి ఉత్తరాలు తెరవకూడదని కూడా రాయించుకోవచ్చు. నోటిమాట చాలదు, కాగితం మీద ఉండాలి.

ఊళ్లో మిగతా ఇళ్లలో సేకరించాలన్న మీ కోరిక చాలా మంచిది. కానీ ఒకటి గమనించండి. తీగ నిండా ఉత్తరాలు ఉండేవి చదువున్న ఇళ్లలోనే. రంగూను వెళ్లినవాళ్లలో గుమాస్తాల కంటే కూలీలే ఎంతో ఎక్కువ. వాళ్ల ఇళ్లకు వెళ్లి "పాత ఉత్తరాలున్నాయా" అంటే లేవంటారు. "మనియార్డరు ముక్కలున్నాయా" అని అడగండి. ఫారం అడుగున చిన్న కూపను ఉండేది, పంపినవాడు అందులో రెండు ముక్కలు రాసేవాడు, పోస్టుమ్యాను డబ్బు లెక్కపెట్టి ఇచ్చి అది చదివి వినిపించి చేతిలో పెట్టేవాడు. చదవడం రాకపోయినా చాలామంది వాటిని బియ్యం డబ్బాలోనో దేవుడి పటం వెనకో దాచుకున్నారు. ఎంత పంపాడు, ఏ నెలలో మానేశాడు, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాడు అన్నది ఆ ముక్కలు వరుసగా పెడితే తెలుస్తుంది. పోస్టుమ్యానుగా చేసి రిటైరైనవాళ్లు ఊళ్లో ఉంటే వాళ్ల దగ్గర కూర్చోండి. సగం ఊరి ఉత్తరాలు వాళ్లే చదివారు, వాళ్లే రాశారు. ఎవరి కాగితాన్నీ వెంట పట్టుకురావద్దు. వాళ్ల ఇంట్లోనే ఫొటో తీసి, కాగితం వాళ్లకే తిరిగి ఇచ్చేయండి.

మీ కోనసీమ నుంచి గల్ఫుకు వెళ్లిన ఆడవాళ్ల ఇళ్లకు కూడా వెళ్లండి. రాయడం రానివాళ్లు 1980ల్లో, 90ల్లో క్యాసెట్టులో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. అవీ ఉత్తరాలే. ఆ క్యాసెట్లు బీరువాల్లో ఇంకా ఉన్నాయి, కాకపోతే చాలామంది వాటి మీద పాటలు ఎక్కించేశారు. టేపు కాగితంలా వందేళ్లు ఆగదు. చెమ్మకు అంటుకుపోతుంది, బూజు పడుతుంది, వినిపించే యంత్రాలు కూడా దొరకడం లేదు. అలాంటిది ఒక్కటి దొరికినా మీ తీగల పని పక్కన పెట్టి ముందు దాన్ని కాపీ చేయించండి. బాగున్నట్టు కనిపించినా ఇంట్లోని పాత టేప్‌రికార్డరులో పెట్టి చూడొద్దు, టేపు చుట్టుకుపోతే తెగుతుంది. పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే స్టూడియోలు హైదరాబాదులో ఉన్నాయి. క్యాసెట్టు ఇచ్చినావిడను కూడా వెంట తీసుకెళ్లండి, ఆవిడ ముందే ఎక్కించమనండి, మొదటి కాపీ ఆవిడకే ఇవ్వండి.